సుధారాణి ఎవరు?

"సుధారాణిని చూడందే నేనిక్కడి నుంచి కదలను," అంటూ ఆ కువైటీ ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది.

కువైట్‌లోని ఫహాహీల్ బజారు వెనక సందులో ఉన్న ఆ చిన్న దుకాణంలో అమృత ఇంటర్న్‌గా చేరి వారం కూడా కాలేదు. పాత బట్టలు విప్పదీసి, కొత్తగా కుట్టి అమ్మడం అక్కడి పని. ప్రతి దాని మీదా కుట్టినవాళ్ళ పేరుతో ఒక టాగ్ ఉంటుంది. ఆవిడ తొడుక్కున్న నీలం జాకెట్ టాగ్ మీద ఇంగ్లీషులో 'సుధారాణి' అని ఉంది. ఆ పేరు గల మనిషిని అమృత ఇంతవరకూ చూడలేదు.

"ఒక్క నిమిషం మేడమ్," అని పక్కకు వెళ్ళి యజమానురాలు చాముండేశ్వరికి ఫోన్ చేసింది.

"ఆంటీ, సుధారాణి ఎవరు?"

"ఎవరడిగారు?"

"కస్టమరు. కలవాలంటున్నారు."

"లేదని చెప్పి పంపించెయ్యమ్మా. నేను సల్వాలో ఉన్నాను. వచ్చాక చెప్తా." ఫోన్ పెట్టేసింది.

అమృతకు ఏమీ అర్థం కాలేదు. 'ఎవరు కుట్టారో తెలిసిన బట్టలే కట్టండి' అని దుకాణం ఇన్‌స్టాగ్రామ్‌లో నిన్ననే పోస్టు పెట్టింది తను. ఇప్పుడు ఆ కుట్టిన మనిషే లేదంటోంది ఆంటీ.

వెనకగది పరదా తీసి లోపలికి వెళ్ళింది. మిషన్ దగ్గర ఎవరూ లేరు. పాత జీన్స్ మూటల చాటున సుబ్బరత్నమ్మ నేల మీద ముడుచుకుని కూర్చునుంది. శుక్రవారాల్లో మాత్రమే వస్తుందని చెప్పి, పొద్దునే ఆంటీ ఆమెను పరిచయం చేసింది.

"ఏమైంది సుబ్బరత్నమ్మా? సుధారాణి ఎవరో నీకు తెలుసా?"

"మెల్లగా పాపా!" సుబ్బరత్నమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "సుధారాణి మా పాప. రాయచోటిలో చదువుకుంటాంది."

"మరి ఆ జాకెట్ ఎవరు కుట్టారు?"

"నేనే."

"అయితే బయటికి రా! ఆవిడ నిన్ను మెచ్చుకోవడానికే వచ్చినట్టుంది."

సుబ్బరత్నమ్మ అమృత చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నీకు దండం పెడతా పాపా. ఆమె మా మామా, మా దొరసాని. ముబారక్ అల్ కబీర్‌లో నేను పనిచేసే ఇల్లు ఆమెదే. నేనీ దేశంలో ఉండే ఇఖామా ఆ ఇంటి పని మీద ఉండాది. వేరేచోట పనిచేస్తే తప్పు. శుక్రవారం సెలవు గదా, మా చిన్నమ్మ దగ్గరికి పోతాన్నానని చెప్పి ఈడికి వస్తాన్నా. తెలిసిందంటే ఖలాస్, రేపే ఇమానం ఎక్కిస్తారు. నా పేరు వద్దంటే మన షాపు మేడమ్ ఏదో ఒక పేరు కావాలనె. మా పాప పేరు చెప్తి."

అమృత పరదా సర్దుకుని బయటికి వచ్చింది.

"సుధారాణి సెలవులో ఉంది మేడమ్."

"ఎక్కడికి వెళ్ళింది?"

"ఇండియాకి."

"ఈ జాకెట్ పోయిన వారమే కుట్టారని మీరే ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టారుగా?"

"నిన్ననే వెళ్ళింది."

ఆవిడ నవ్వలేదు. కోప్పడనూ లేదు. సంచిలోంచి ఆకుపచ్చ పట్టు దుస్తు ఒకటి తీసి బల్ల మీద పరిచింది. పల్చటి గుడ్డ. దాని నిండా బంగారు జరీ. భుజం దగ్గర బాగా చిరిగిపోయింది.

"మా అమ్మ పెళ్ళి నాటిది. నా కూతురు తన నిశ్చితార్థానికి ఇదే వేసుకుంటానంటోంది. తన కొలతకు కుట్టాలి. ఈ జాకెట్ కుట్టిన చేతికి తప్ప ఇంకెవరికీ ఇవ్వను. కుదురుతుందా లేదా కనుక్కో."

ఇండియాకి వెళ్ళిందన్న మనిషిని అడిగి ఇప్పుడెలా కనుక్కోవాలో అమృతకు తెలియలేదు. అయినా బుర్ర ఊపి, ఆ దుస్తు తీసుకుని లోపలికి వెళ్ళింది.

దాన్ని చూడగానే సుబ్బరత్నమ్మ భయం కూడా మరిచిపోయింది. ఒళ్ళో వేసుకుని చిరుగు అంచులు దగ్గరికి చేర్చి చూసింది.

"పెద్దమామాది పాపా ఇది. ఆయమ్మ బతికినన్నాళ్ళూ దీన్ని ఎండకేసి మడతపెట్టింది నేనే. ఎట్ల చినిగిపాయనో, ఏమో."

"కుట్టగలవా?"

"కుడతా. కానీ శుక్రవారం శుక్రవారం అంటే నెల పడతాది. జరీ పోగు పోగు తీసి ఎక్కించాల." అంతలోనే కళ్ళు తుడుచుకుంది. "ఆ చిన్నపాపను ఎత్తుకుని పెంచినా. అది ఇది తొడుక్కుంటే చూసి, బాగుందని కూడా అనకుండా గమ్మున ఉండాల గదా నేను."

అమృత మళ్ళీ బయటికి వచ్చింది.

"చేస్తుంది మేడమ్. కాకపోతే నెల పడుతుంది. తను శుక్రవారాలు మాత్రమే వస్తుంది కాబట్టి..."

మాట నోట్లోంచి జారిపోయాక నాలుక కరుచుకుంది.

"ప్రతి శుక్రవారం ఇండియా నుంచి వస్తుందా?" అంది ఆవిడ.

అమృత తల వంచుకుంది.

ఆవిడ లేచింది. ఇంకేమీ అడగకుండా తలుపు దాకా నడిచి, అక్కడ ఆగి వెనక్కి తిరిగింది. ఆమె చూపు అమృత మీద లేదు, పరదా మీద ఉంది. అంతసేపూ ఇంగ్లీషులో మాట్లాడిన మనిషి ఈసారి గొంతు పెంచి, అరబ్బీలో మాట్లాడింది. కువైట్‌లోనే చదువుకున్న అమృతకు ప్రతి మాటా అర్థమైంది.

"సుధారాణితో చెప్పు, ఇవాళ ఇంటికి హడావిడిగా పరిగెత్తుకు రావద్దని. రాత్రి వంట నేను చేస్తాను."