మూడో జత గ్లవ్స్

“ఇదీ అంతేనమ్మా. కుడి చేతిది వేడెక్కట్లేదు,” అన్నాడు గడియారం, హెల్మెట్ అయినా తీయకుండా.

బైకు సామాన్ల షాపావిడ తలెత్తి చూసింది. ఈ నెలలో ఆయన ఇదే ఫిర్యాదుతో రావడం మూడోసారి. ‘మళ్లీ వచ్చాడు మహానుభావుడు’ అని ఆవిడ పైకి అనలేదు గానీ, ఆ మాట మొహంలో అక్షరం పొల్లుపోకుండా కనిపించింది.

గడియారం అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా వినిపించదు. క్లినిక్కుల్లో తీసిన రక్తం గొట్టాలను పెట్టెలో సర్దుకుని, మోటారు సైకిల్ మీద పెద్ద ల్యాబుకు చేరవేయడం ఆయన పని. ఇరవై రెండేళ్లుగా ఎండనకా వాననకా ఎంత ఠంచనుగా వచ్చేవాడంటే, ఆయన గుమ్మంలోకి రాగానే నర్సులు గోడ గడియారం సరిచేసుకునేవాళ్లు. అలాంటి మనిషి ఈ చలికాలం మొదలైన దగ్గర్నుంచీ తడబడుతున్నాడు. చలికి కుడి చెయ్యి కొయ్యబారిపోతోంది. బ్రేకు మీద వేళ్లు సరిగ్గా పడ్డాయో లేదో వంగి చూసుకోవాల్సి వస్తోంది.

పోయిన నెల ల్యాబు మెట్ల దగ్గర పెట్టె చేజారింది. పదకొండు గొట్టాలు పగిలి, పదకొండు మందికి మళ్లీ సూది గుచ్చాల్సి వచ్చింది. సూపర్‌వైజర్ కేకలేసినా బాగుండేది. నెమ్మదిగా కూర్చోబెట్టి, ఇంకొక్కసారి ఇలా జరిగితే బండి తాళాలు అప్పజెప్పి, లోపల గొట్టాలకు చీటీలు అంటించే బల్ల దగ్గర కూర్చోవాల్సి ఉంటుందని చెప్పాడు. ఆ గదికి కిటికీ కూడా లేదు. బండి దిగితే తాను ఎందుకూ కొరగాకుండా పోతానని గడియారం భయం.

అందుకే బ్యాటరీతో వేడెక్కే గ్లవ్స్ కొన్నాడు. కొనేటప్పుడు షాపావిడ ఓపిగ్గా పాఠం చెప్పింది. బిగుతుగా ఉంటే రక్తం ఆడదు కాబట్టి వేళ్ల చివర కాస్త ఖాళీ ఉండాలంది. లోపల పల్చటి ఉన్ని తొడుగు వేసుకోవాలంది. స్విచ్ దగ్గర మూడు లైట్లూ వెలిగేంత వేడి అయిదు నిమిషాలకు మించి ఉంచొద్దని మరీ మరీ చెప్పింది. గడియారం అన్నిటికీ బుద్ధిగా తలూపాడు. వారం తిరక్కుండా ఆ జత తెచ్చి కౌంటర్ మీద పడేశాడు. ఎడమది బ్రహ్మాండంగా ఉందట, కుడిది మాత్రం ఐసు ముక్కట. ఆవిడ మార్చి ఇచ్చిన రెండో జత బండి బ్యాటరీకే తీగ తగిలించుకునేది. దానిదీ అదే కథ.

రెండుసార్లూ ఆవిడ గ్లవ్స్‌ను కౌంటర్ మీద పెట్టి, స్విచ్ వేసి, పైనుంచి తడిమి చూసి, రెండూ బాగానే పనిచేస్తున్నాయని తేల్చేసింది. కౌంటర్ మీద ఎవరికి కావాలి, రోడ్డు మీద గాలిలో వేడెక్కాలి గానీ అని ఆయన వాదించాడు.

అందుకే ఈ రోజు తాడోపేడో తేల్చుకోవాలని వచ్చాడు. షాపులోకెల్లా ఎక్కువ వేడినిచ్చే ఈ మూడో జతకు అడ్డం ఉండకూడదని లోపలి తొడుగు పీకేశాడు. పొద్దున్నే కుడిదానికి మూడు లైట్లూ పెట్టి, రెండు గంటలు బండి నడిపి, చెయ్యి బయటికి తీయకుండా తిన్నగా ఇక్కడికే వచ్చాడు. ఒక్క లైటు మీద ఉన్న ఎడమ చెయ్యి చెమట పట్టి చిరాకు పెడుతోంది. కుడిచేతికి వేడన్నదే తెలియడం లేదు. ఆయనకు చిర్రెత్తుకొచ్చిందంటే రాదూ మరి.

“మూడు లైట్లూ వెలుగుతున్నాయి కదా అన్నగారూ,” అంది షాపావిడ.

“వెలుగుతాయమ్మా. లైట్లు చూసి చలి కాచుకోమంటావా?”

“మూడు జతలూ మూడు కంపెనీలవి. అన్నిట్లోనూ కుడిదే పాడైందంటే నన్నేం చేయమంటారు?”

“అంటే నేను అబద్ధమాడుతున్నానా? నా చెయ్యి సంగతి నాకు తెలియదా?”

ఆవిడకూ ఓపిక చచ్చిపోయింది. చలికాలమంతా వాడుకుని, ఎండలు రాగానే బాగోలేదని తిరిగి తెచ్చేవాళ్లను చాలామందిని చూశానని అనేసింది. గడియారం మొహం మాడిపోయింది. ఇరవై రెండేళ్లలో ఒక్క రూపాయి అటూ ఇటూ చేయని మనిషిని పట్టుకుని దొంగవేషాల లెక్కలో జమకట్టడం ఆయనకు చాలా బాధ కలిగించింది.

“నాకు ఇంకో జత వద్దు,” అన్నాడు చివరికి. “రేపు ఆరింటికి ఈ చెయ్యి బ్రేకు పట్టుకోవాలి. లేకపోతే నన్ను బండి దింపేస్తారు. ఆ దారేదో చెప్పు చాలు.”

షాపావిడ మెత్తబడింది. తన మాటకు తనే నొచ్చుకుని, కౌంటర్ మీదకు వంగింది.

“సరే, తీసివ్వండి. ఈసారి లోపల నా చెయ్యే పెట్టి చూస్తాను.”

గడియారం ఎడమచేత్తో కుడి గ్లవ్ పట్టి లాగాడు. అది అంత తేలిగ్గా రాలేదు. విసుగ్గా గట్టిగా గుంజి ఆవిడకు అందించి, ఇప్పుడేమంటుందో చూద్దామని ఆవిడ మొహంలోకే చూస్తూ నిలబడ్డాడు.

ఆవిడ చెయ్యి పెట్టింది. పెట్టిన మరుక్షణం లాక్కుని, వేళ్లు ఊదుకుంది.

“నటించకమ్మా,” అన్నాడు గడియారం.

షాపావిడ చూపు కౌంటర్ మీద ఆనించిన ఆయన కుడిచేతి దగ్గర ఆగిపోయింది. ఏమిటా అని ఆయనా తల వంచి చూసుకున్నాడు.

గోళ్ల నుంచి మణికట్టు దాకా అన్నీ బొబ్బలే.