తిరిగి దొరికిన సీటు

"టీసీ తీసుకుని వెళ్లిపోయినవాళ్లను మళ్లీ చేర్చుకోమండీ. మా బడి పద్ధతే అంత," అన్నారు ప్రిన్సిపాల్, తల ఎత్తకుండా. పొద్దున టపాలో వచ్చిన కవర్లు ఒక్కొక్కటే చింపి చదువుతున్నారాయన.

తండ్రి కుర్చీ అంచున కూర్చున్నాడు. పుస్తకాలు బైండు చేసే మనిషి. గోళ్ల సందుల్లో ఎండిన జిగురు కనబడకుండా వేళ్లు ముడుచుకున్నాడు. పక్కన నిలబడ్డ కూతురు నేల చూపులు చూస్తోంది.

"అలా అనకండి సార్. తప్పు నాది. పిల్ల అన్నం మానేసిందని బెంబేలెత్తిపోయి నేనే మాన్పించాను."

అది నిజమే. ఈ బడిలో ప్రతి శనివారం రెండు వందల మంది ర్యాంకులూ గోడకు అంటిస్తారు. ఆ పిల్ల పేరు ఏనాడూ నూట నలభై దాటి పైకి రాలేదు. శుక్రవారం సాయంత్రం నుంచే అన్నం ముట్టేది కాదు. ఆర్నెల్ల కిందట తండ్రి ఆమెను ఇంటి దగ్గరి చిన్న బడిలో చేర్చాడు. అక్కడ పిల్ల కడుపునిండా తింది, నవ్వింది, చదివింది.

కిందటి వారం మేనత్త వచ్చి ఒక్క మాట అంది. "పశువైద్య కాలేజీలో ఉన్నవి అరవై సీట్లు. ఊరూ పేరూ లేని బడి అని చూడగానే దీని దరఖాస్తు పక్కన పడేస్తారు. దాని నోటి దగ్గర కూడు లాగేశావు కదరా తమ్ముడూ!"

కుంటి మేకపిల్లకు కట్టు కట్టిన నాటినుంచి ఆ పిల్లకు ఆ కాలేజీ తప్ప ఇంకో ధ్యాస లేదు. అత్త మాట విన్నాక మళ్లీ ముద్ద దిగడం మానేసింది.

"నువ్వు మాట్లాడవేం తల్లీ?" అన్నారు ప్రిన్సిపాల్.

"బెంచీ లేకపోయినా పర్లేదు సార్. గుమ్మం దగ్గర నిలబడి వింటాను." అంది పిల్ల.

"బాగుంది. నిన్ను నిలబెడితే రేపు ఇంకో పదిమంది నిలబడతామంటారు," అంటూ ఆయన మరో కవరు చింపారు. ఆ కాగితం చదివారు. మళ్లీ మొదటినుంచి చదివి సొరుగులో పెట్టారు. అప్పుడు తల ఎత్తారు.

"ఇప్పుడు చదివే చోట తరగతికి ఎంతమంది?"

"ఇరవై మంది సార్. అంతకుమించి తీసుకోరు."

"నువ్వు ఎన్నోదానివి?"

"మొదటిదాన్నే." చెప్పడానికి సిగ్గేసింది.

"రెండో పిల్లకీ నీకూ తేడా?"

"నూట పది మార్కులు సార్."

తండ్రి కంగారుపడ్డాడు. "అక్కడ ఎవరు కూర్చున్నా మొదటే సార్! అది లెక్కలోకి తీసుకోకండి."

ప్రిన్సిపాల్ మొదటిసారి నవ్వారు. "ఒక్క ఫోను చేసి వస్తాను, ఉండండి," అని పక్క గదిలోకి వెళ్లారు.

"పైవాళ్లను బతిమాలుతున్నట్టున్నారు," అన్నాడు తండ్రి గుసగుసగా. "మనకోసం ఎవరమ్మా ఇంత చేసేది!"

పది నిమిషాలకు ఆయన తిరిగొచ్చారు. "చేర్చుకుంటాను. కానీ టీసీ ఇవాళ మధ్యాహ్నంలోపే తేవాలి. రేపటికైతే నా చేతుల్లో ఉండదు."

తండ్రి జిగురు సంగతి మరిచిపోయి ఆయన చేతులు రెండూ పట్టేసుకున్నాడు.

చిన్న బడిలో పెద్ద టీచరు ఎంతో నచ్చజెప్పింది. "ఒక్క రాత్రి ఆలోచించుకోండి. పిల్ల ఇక్కడ తేరుకుంది కదా."

"లేదమ్మా, గడువు దాటిపోతుంది," అన్నాడు తండ్రి. ఆవిడ రిజిస్టరులో పేరు కొట్టేస్తుంటే పిల్ల కిటికీ వైపు తిరిగింది.

పన్నెండు కాకముందే తండ్రీకూతుళ్లు పెద్ద బడిలో టీసీ అప్పగించారు. సార్ పనిమీద బయటికి వెళ్లారని చెప్పి, గుమాస్తా తీసుకున్నాడు. ప్రిన్సిపాల్ ముందే సంతకం పెట్టి ఉంచిన చేరిక చీటీ చేతికిచ్చాడు. అందులో ఆమె వరస సంఖ్య రెండు వందల ఒకటి.

సాయంత్రం లైబ్రరీ పుస్తకాలు తిరిగి ఇవ్వడానికి ఆమె చిన్న బడికి వెళ్లింది. పెద్ద టీచరు బల్ల దగ్గర ఒక కాగితం ముందేసుకుని దిగాలుగా కూర్చుని ఉంది.

"పశువైద్య కాలేజీ నుంచి వచ్చిందమ్మా. మనకు టపా ఎప్పుడూ సాయంత్రానికే కదా. ఈ ఏటినుంచి ప్రవేశ పరీక్ష లేదట. చుట్టుపక్కల అరవై బడులు, అరవై సీట్లు. ఏ బడిలో ఫస్టు వచ్చినవాళ్లకు ఆ బడి సీటు. ఈ పూట నువ్వు ఉండి ఉంటే..." ఆవిడ పూర్తి చేయలేకపోయింది.

పుస్తకాలు చేతిలోంచి జారి బల్లమీద పడ్డాయి. "వచ్చేస్తాను టీచర్! ఇప్పుడే వెళ్లి టీసీ తెచ్చేస్తాను. పేరు మళ్లీ రాసేయండి, మీ కాళ్లు పట్టుకుంటాను!"

"నీ చోటు నిండిపోయింది తల్లీ. ఇరవై దాటి రాసుకోనివ్వరు."

"ఇంతలోనే ఎవరొచ్చారు టీచర్?"

"పొద్దున ఎవరో ఫోన్ చేశారు, ఇవాళ చోటు ఖాళీ అయితే మా అమ్మాయికి ఉంచండి అని. ఖాళీ ఏమీ లేదండీ అన్నాను. అరగంట తిరక్కుండా మీ నాన్న టీసీ అడిగారు. మీరటు వెళ్లగానే ఆ పిల్లని వాళ్లమ్మ తీసుకొచ్చింది. వాళ్ల నాన్న కారు కూడా దిగలేదు. కాగితం అక్కడికే పట్టుకెళ్లి సంతకం పెట్టించింది."

ఆవిడ దరఖాస్తు తీసి ఆమె ముందు పెట్టింది. పిల్ల పేరు ఆమె చదవలేదు. చూపు కింది గీత దగ్గరే ఆగిపోయింది.

తండ్రి సంతకం అన్నచోట ప్రిన్సిపాల్ గారి సంతకం ఉంది.