పదిహేడో నంబరు పచ్చ కార్డు

"ఉద్యోగం వచ్చేసింది ధరణీ! ఇల్లు కూడా ఇస్తారట!" అంటూ ప్రజ్వల్ నన్ను ఎత్తి గిరగిరా తిప్పాడు. కెనడాలోని సార్నియాలో, రిటైరైనవాళ్లు ఉండే మొబైల్ హోమ్ పార్కుకి, అంటే చిన్న చిన్న రెడీమేడ్ ఇళ్ల కాలనీకి, కేర్‌టేకర్ పని. పెళ్లయిన నలభై రోజులకే మాకంటూ ఒక వంటగది! ఆగలేక ఆ సాయంత్రమే చూడడానికి వెళ్లాం.

పార్కు కబుర్ల బోర్డు చూసుకునే బేబీ ఆంటీ మమ్మల్ని వెంట తిప్పారు. అప్పటికే చీకటి పడింది. ప్రతి తలుపు పిడికీ ఒక పచ్చ కార్డు వేలాడుతోంది.

"చీకటి పడగానే పెడతాం, పొద్దున లేవగానే తీసేస్తాం. తొమ్మిదైనా తీయకపోతే కేర్‌టేకర్ వెళ్లి తలుపు తట్టాలి. ఇక ఆ పని నీదే బాబూ."

చివరిది పదిహేడో నంబరు, మా ఇల్లు. బుల్లి మెట్లు చూసి మురిసిపోయాను. ఆ తలుపుకీ కార్డు ఉంది.

"ఏడాదిగా ఖాళీ అన్నారు కదా ఆంటీ?"

"ఖాళీయే."

"మరి ఎవరూ తట్టి చూడలేదా?"

"ఎందుకమ్మా? రోజూ పొద్దున్నకల్లా తీసేస్తున్నారుగా."

ఆటపట్టిస్తున్నారేమో అని ఆవిడ ముఖం చూశాను. నవ్వడం లేదు. కార్డు ముట్టుకున్నాను. పక్కింటిది చలికి బిగుసుకుపోయింది. ఇది వెచ్చగా ఉంది.

"వేరే ఇల్లు అడుగుదామా?" అన్నాను మెల్లగా.

"ఇల్లు వద్దంటే ఉద్యోగమూ పోతుంది" అన్నాడు ప్రజ్వల్. అతని గొంతులోనూ హుషారు లేదు.

గేటు దగ్గరికి తిరిగొచ్చాక ఆంటీ కబుర్ల బోర్డు మీద ఏదో రాసి, మాకు చదివి వినిపించారు.

"రేపు పదింటికి పదిహేడో నంబరులో కొత్త జంటతో అందరికీ టీ. కుర్చీలు మీరే తెచ్చుకోండి. ఆ ఇంట్లో ఉన్నవి వాళ్ల ముగ్గురికే సరిపోతాయి."