చెవి పట్టుకో

"ఆ విగ్గు తీసి అవతల పెట్టండి," అంది ఎర్నెస్టీన్. "నా కూతురు చర్చికి సొంత జుట్టుతోనే వెళ్తుంది."

విగ్గు పట్టుకుని నిలబడ్డ టాలివర్ గారు గోడగడియారం వైపు చూశాడు. నల్ల సూటు, మెత్తటి గొంతు. ఈ రోజు ఏర్పాట్లన్నీ ఆయనవే.

"మా దగ్గర పనిచేసే అమ్మాయి బాగానే సర్దుతుందమ్మా. మీరలా కూర్చోండి. కారు బయల్దేరే వేళవుతోంది."

"మెంఫిస్‌లో సగంమంది ఆడవాళ్ళ తలలు దువ్విన చెయ్యి నాయనా ఇది. నా పిల్ల తల తీసుకెళ్ళి ఇంకొకరి చేతిలో పెడతానా?"

ఆయన విగ్గుతో సహా బయటికి వెళ్ళిపోయాడు.

బల్ల మీద కరెంటు పొయ్యిలో, ఉంగరాల జుట్టు సాపు చేసే ఇనప దువ్వెన కాలుతోంది. పక్కన నూనె డబ్బా, పాత తువ్వాలు. యోలాండా తల వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకుని ఉంది. పాలరంగు గౌను, మెడలో అమ్మమ్మ ముత్యాలు.

ఎర్నెస్టీన్ దువ్వెన పిడి అందుకుంది. వేడి దువ్వెన కొంచెం జారితే చాలు, నుదుటి మీద మచ్చ పడుతుంది. అదీ ఊరంతా చూసే రోజున. పడితే ఆ మచ్చ తన చేత్తో పెట్టిందే అవుతుంది. ఆమె దువ్వెన మళ్ళీ పొయ్యిలో పెట్టేసింది.

"ఊపిరి తీసుకో ఎర్నీ," అంది పక్కనే ఉన్న స్నేహితురాలు లావోన్. "ముక్కుతో. మెల్లగా."

"అరవై ఆరేళ్ళు ఊపిరి తీసుకోకుండానే బతికానంటావా?"

"పరిగెత్తావ్. ఊపిరి మాత్రం తీసుకోలేదు."

లావోన్ రిటైరయ్యేదాకా స్కూలు బస్సు నడిపింది. ఇప్పుడు శనివారాలు చర్చి కింది హాల్లో, వయసు మళ్ళుతున్న ఆడవాళ్ళ చేత చాపలు పరిపించి, కళ్ళు మూయించి ఊపిరి మీద ధ్యాస పెట్టిస్తుంది. పిల్లల మీద కేకలేసిన ఆ గొంతు "భుజాలు వదిలెయ్యండమ్మా" అంటుంటే మొదటిరోజు ఎర్నెస్టీన్ పగలబడి నవ్వింది. తర్వాత మానకుండా వెళ్ళింది. బీపీ దిగింది. అప్పటినుంచీ కూతుర్ని పిలవడం మొదలుపెట్టింది.

"ఎన్ని శనివారాలు బతిమాలాను దీన్ని!" కూతురి జుట్టు పాయలు తీస్తూ అంది. "ఒక్క గంట వచ్చి పడుకోవే అంటే, 'వచ్చే వారం అమ్మా' అంటుంది. ఆస్పత్రిలో రెండు డ్యూటీలట. అక్కడ ఇది లేకపోతే తెల్లారదట."

"పెళ్ళి చేసుకుందామన్న రేమండ్‌కీ అదే జవాబు చెప్పింది కదా."

"ఆరేళ్ళు తిప్పింది పాపం పిల్లాణ్ణి. ఇవాళ చూడు, కొత్త సూటేసుకుని అందరికన్నా ముందే వెళ్ళి మొదటి వరసలో కూర్చున్నాడట."

"పొద్దుటి నుంచీ కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాడంది మా చెల్లెలు."

"మగాడు కదా, ఏడవనిస్తారు. నాకైతే పాస్టర్ గారు ఫోన్ చేసి, 'నువ్వు గట్టిదానివి సిస్టర్' అన్నాడు."

"మంచికే అన్నాడులేవే."

"మా అమ్మనీ అదే మాటన్నారు. నన్నూ అన్నారు. ఆస్పత్రిలో దీన్నీ గట్టిదానివంటారు, అని ఇంకో డ్యూటీ అంటగడతారు. గట్టిదానివన్నవాడు ఒక్కడైనా కుర్చీ వేశాడా మనకి?"

ఎర్నెస్టీన్ కూతురి ముఖంలోకి చూసింది.

"నీ క్లాసుకి ఒక్కసారీ రాలేదు గానీ, చూడు ఎంత బాగా చేస్తోందో. కదలదు, మెదలదు."

లావోన్ నవ్వబోయి, చటుక్కున తల తిప్పుకుంది.

ఎర్నెస్టీన్ కళ్ళు మూసుకుంది. ఊపిరి లోపలికి. ఊపిరి బయటికి. ఈస్టరు ముందురోజు తన వంటిల్లు గుర్తొచ్చింది. కాలిన నూనె వాసన. ఎత్తుకుర్చీలో చిన్న యోలాండా. దువ్వెన ఇంకా ఆమడ దూరంలో ఉండగానే 'చచ్చిపోయానమ్మో' అని కేకలు. తను నెత్తిన ఒక మొట్టికాయ వెయ్యడం.

కళ్ళు తెరిచి దువ్వెన తీసింది. తువ్వాలుకు అద్ది వేడి చూసుకుంది. జుట్టు మొదలు దగ్గరికి తెచ్చి, అలవాటుగా, "చెవి పట్టుకో," అంది.

గదిలో ఎవరూ కదల్లేదు.

కాసేపటికి లావోన్ వంగి, రెండు వేళ్ళతో యోలాండా చెవిని, వేడి తగలకుండా, మడిచి పట్టుకుంది.

"వెనక్కి కాదే, ముందుకి. ఇన్నేళ్ళు నా దగ్గర తల చేయించుకున్నావ్, ఆ మాత్రం తెలీదా?"

"తెలీక కాదు," అంది లావోన్. మరో చేత్తో కళ్ళు తుడుచుకుంది.

"ఏడిస్తే నీ చెయ్యి కాలుతుంది. కదలకు."

చిన్న పొగ లేచింది. పాయ నున్నగా జారి మెరిసింది. మరో పాయ. మరొకటి. చెవుల పక్కన తొంగిచూస్తున్న తెల్లవెంట్రుకలకి రంగు వెయ్యలేదు. కష్టపడి తెచ్చుకున్నది, ఉండనీ అంది. వేలికొసకు నూనె రాసుకుని నుదుటి అంచున నూగును సర్దింది. మచ్చ లేదు, మరక లేదు.

"నేను చెప్పలా? విగ్గట, విగ్గు!"

లావోన్ కుర్చీ లాగింది. "ఇప్పుడైనా కూర్చో."

ఎర్నెస్టీన్ కూర్చుంది. భుజాలు వదిలేసింది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. వాటికి చెయ్యడానికి ఇంకే పనీ మిగల్లేదు.

టాలివర్ గారు తలుపు తోసుకుని వచ్చాడు. యోలాండా జుట్టు చూసి, మెచ్చుకోలుగా తల ఊపాడు. తర్వాత ఎర్నెస్టీన్ పక్కన వంగి, గొంతు తగ్గించి అడిగాడు.

"పెట్టె మూత వేసేయమంటారా, అమ్మా?"