కొరికిన రొట్టె

"ఆ రొట్టె ముట్టుకోకు!"

గుల్‌చెహ్రా కేకకు ఆ రష్యా ఆవిడ చెయ్యి గోడ దగ్గరే ఆగిపోయింది.

ఎండు ఆప్రికాట్లు కొంటానని మధ్యాహ్నం బస్సు దిగి ఇస్ఫరా ఊళ్లోని ఆ ఇంటికి వచ్చిందావిడ. ధర అడగలేదు. పళ్లవైపు చూడనైనా లేదు. ఇచ్చిన టీ చల్లారిపోతున్నా, గోడకు వేలాడే ఎండురొట్టెనే చూస్తూ కూర్చుంది.

"ఎవరు కొరికారు?" వచ్చీరాని తాజిక్ భాషలో అడిగింది.

"మా ఆయన. ఊరు దాటే మనిషి ఒక్క ముక్క కొరికి వెళ్లాలి. మిగతాది తిరిగొచ్చి తినాలి."

"రాకపోతే?"

"దించేసి పిట్టలకు వేస్తాం. నేను దించలేదుగా! వస్తాడు."

వాకిట్లో పళ్లు ఏరుతున్న పొరుగింటి సబో పెద్దమ్మ ఊరుకోలేదు.

"ఏం రావడమే? రెండు పడవల మీద కాళ్లు పెట్టాడు నీ మొగుడు. మన పాస్‌పోర్టు చాల్లేదు, పనికెళ్లిన రష్యాదీ కావాల్సొచ్చింది. ఇప్పుడు చేతికి తుపాకీ ఇచ్చి యుద్ధానికి తోలారు."

గుల్‌చెహ్రాకు కోపం వచ్చింది. పెద్దమ్మ మీద కాదు, ఎదురుగా కూర్చున్న ఆవిడ మీద.

రెండో పాస్‌పోర్టు వచ్చిన రోజు దావ్లత్ ఫోనులో ఎంత మురిసిపోయాడని! "ఇక పోలీసుల భయం లేదే. అక్కడా నావాళ్లే, ఇక్కడా నావాళ్లే." ఏడాది తిరక్కుండానే సైన్యం పిలిచింది. తర్వాత ఫోను లేదు. ఇంట్లో పలకరించే దిక్కూ లేదు.

"ఈ రాత్రికి ఇక్కడ ఉండనా? నీకు ఒక మాట చెప్పాలి," ఆవిడ మెల్లగా అంది.

"మీ దేశమేగా మా ఆయన్ని మింగింది! ఇంకేం చెప్తావు? చోటు లేదు, వెళ్లు."

అతిథిని పొమ్మనడం ఆ ఊళ్లో ఎవరూ ఎరగరు. పెద్దమ్మ సైతం పళ్లు వదిలేసి లోపలికి తొంగి చూసింది.

ఆవిడ గోడవైపు మరోసారి చూసి వెళ్లిపోయింది.

సాయంత్రం ఆవిడ కూర్చున్న పరుపు మడుస్తుంటే దిండు వెనక తువ్వాలు మూట దొరికింది. గుల్‌చెహ్రా విప్పింది.

ఎండిపోయిన రష్యా నల్లరొట్టె. గోడ మేకు నుంచి దించేసిన తాడు ఇంకా దానికే ఉంది. ఒక పక్క కొరికిన గుర్తు, ఆ గుర్తు మధ్యలో సన్నని గట్టు.

దాన్ని గోడ మీది రొట్టె పక్కన పెట్టి చూసింది. అక్కడా అదే గట్టు. దావ్లత్‌కు ముందుపన్ను ఒకటి లేదు.

చెప్పుల్లేకుండా రోడ్డు మీదికి పరిగెత్తింది. బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది.

దావ్లత్ కోసం కలిసి ఏడవడానికి లోకంలో తనకున్న ఒకే ఒక్క మనిషిని, అతని ఆ దేశపు భార్యను, గుల్‌చెహ్రా తన నోటితోనే గడప దాటించింది.