గడ్డిపోచ లేని పరీక్ష

వాగు మీదికి వంగిన తుమ్మచెట్టుపై గిజిగాళ్లకు గూడు అల్లడం నేర్పే కళాశాల ఒకటి ఉండేది. పాఠం చెప్పేది కొంగ. తన గూడేమో నాలుగు పుల్లలు పడేసిన కుప్ప. అయినా ముడుల పేర్లన్నీ దానికి కంఠతా వచ్చు.

చివరి పరీక్షలో కొంగ, చిట్టెన అనే కుర్ర గిజిగాణ్ణి అడిగింది: "మొదటి ముడికి ఎన్ని చుట్లు?"

"గాలిని బట్టి, గురువుగారూ. ఒక్క గడ్డిపోచ ఇప్పించండి, వేసి చూపిస్తాను."

"పరీక్షలో గడ్డిపోచా? అది కాపీ కొట్టడంరా!"

"గడ్డిపోచ మా జన్మహక్కు!" అని అరిచాడు చిట్టెన. కొంగ సున్నా వేసి పంపించింది. తొమ్మిది ముడుల పేర్లూ గడగడా అప్పజెప్పిన తోటి విద్యార్థి బంగారయ్యకు మొదటి ర్యాంకు ఇచ్చింది.

వానలకు ముందు జాజి అనే ఆడ గిజిగాడు, కుర్రాళ్లు అల్లిన గూళ్లు చూడడానికి వచ్చింది. ఆమె కాదన్న గూట్లో ఆ ఏడు పిల్లలుండవు. ముందు బంగారయ్య గూటిని ముక్కుతో పట్టి లాగింది. అది ఊడి వాగులో పడింది.

"నాకు నూటికి తొంభై ఎనిమిది వచ్చాయి, తెలుసా!" అన్నాడు బంగారయ్య.

"అయితే గుడ్లు ఆ మార్కుల మీద పెట్టమంటావా?"

తర్వాత చిట్టెన గూటిని మూడుసార్లు లాగింది. గూడు నిలిచింది గానీ ఒక పోచ జారింది.

"ఇక్కడ ఇంకో ముడి వెయ్యి. రేపొచ్చి మళ్లీ లాగి చూస్తాను," అంది జాజి.

చిట్టెన పోచ కోసం ఎగిరాడు. అన్నాళ్ల చదువులో ముడి ఎక్కడ వదులైందో అతనికి చూపించిన మొదటి పక్షి ఆమే.