దిల్‌మాయ పువ్వు రంగు

"బోజూ, దాన్ని ముట్టుకోకు!" అని అరిచింది నా మనవరాలు ప్రమిఖా. మా నేపాలీలో అవ్వని అలాగే పిలుస్తారు.

కాలేజీలో మొక్కల పెంపకం చదువు చదువుతోంది. సెలవులకి కాలింపాంగ్ వచ్చి, మా గ్రీన్‌హౌస్‌లో అడుగుపెట్టగానే ఆ ఆర్కిడ్ ఆకుని వెలుతురుకి ఎత్తి చూసింది.

"ఈ పసుపు చారలు వైరస్. మందు లేదు. కాల్చెయ్యాలి."

"ఆ పాఠాలు మీ మాస్టార్లకి చెప్పుకో. మీ అమ్మ రెండు జాతులు కలిపి పుట్టించిన వాటిల్లో ఇదొక్కటే మిగిలింది. పువ్వు చూడకుండానే పోయింది దిల్‌మాయ. ఇన్నేళ్ళకి తొలి మొగ్గ వేసింది. ఏ రంగో ఎవరికీ తెలీదు."

"నాకు మాత్రం చూడాలని లేదా?"

"విచ్చేదాకా వంటింట్లో పెట్టుకుంటానే."

"దాన్ని నిమిరిన చేత్తోనే వచ్చి వీటన్నిటినీ తాకుతావు. అలాగే అంటుకుంటుంది. మన బతుకంతా ఈ కుండీలే. ముట్టుకోకుండా ఉండగలవా?"

అప్పటికే నా వేళ్ళు ఆ ఆకు మీద ఉన్నాయి.

ప్రమిఖా కుండీ ఎత్తింది. గుమ్మం దగ్గర ఆగి, మొగ్గ తుంచి నా అరచేతిలో పెట్టింది.

"చూద్దాం బోజూ," అంది.

గోటితో మెల్లగా రేకులు విప్పాను. ఇద్దరం తలలు ఆనించి చూశాం.

లోపల ఇంకా రంగు పట్టలేదు. అంతా లేత ఆకుపచ్చే.